హక్కు రాశారు, దావా ఎక్కడ?

జెడ్డాలోని ఇస్లామిక్ సహకార సంస్థ స్వతంత్ర శాశ్వత మానవ హక్కుల కమిషన్ సభ్యులకు,

అస్సలాము అలైకుం.

మీ సంస్థ వ్యవహారమంతా అరబ్బీ, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో నడుస్తుందని తెలుసు. అయినా ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. 1990లో మీ సంస్థ కైరోలో చేసిన మానవ హక్కుల ప్రకటనలో 13వ అధికరణం పనివాళ్ల గురించి. గల్ఫ్‌లో ఆ పనివాళ్లలో లక్షల మంది రాత్రి పని ముగిశాక ఇంటికి ఫోన్ చేసి మాట్లాడేది ఈ భాష. ఎవరి గురించి రాశారో వాళ్ల భాషలో ఒక్క ఉత్తరమైనా మీ దగ్గర ఉండాలని నా కోరిక. అనువాదం చేయించుకోవడం మీకు పెద్ద పనేం కాదు.

నేను రాయచోటి వైపువాణ్ణి. దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీ, మధ్యలో ఉర్దూ అంతంతమాత్రం. 2005 నుంచి 2013 దాకా కువైట్‌లో ఒకరింట్లో డ్రైవర్‌గా చేశాను. ఇప్పుడు కోర్టు ఎదురుగా చిన్న జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చేతుల మీదుగా పోయే కాగితాల్లోని మాటలు చెప్తే మీకు ముచ్చటేస్తుంది: దావా, వకీలు, హాజరు, జామీను, నకలు, మాఫీ. అన్నీ మీ అరబ్బీవే. నవాబుల కాలంలో కచేరీల్లోకి వచ్చి, పల్లెల దాకా పాకి, మావైపోయాయి. "హక్కు" కూడా అలా వచ్చిందే. పడమటి సరుకని మీలో కొందరు అనుమానంగా చూసే ఆలోచనకు మేం తెలుగులో పెట్టుకున్న పేరు "మానవ హక్కులు". అందులో సగం సంస్కృతం, సగం అరబ్బీ.

మీ ప్రకటన నాకు మా అబ్బాయి చూపించాడు. లా చదువుతున్నాడు. ఒకరోజు షాపులో కూర్చుని, "నాన్నా, ఆర్టికల్ 18 అంటే ఏంటో తెలుసా?" అన్నాడు. తెలియకేం, షూన్ వీసా అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. కువైట్‌లో పనిచేసినవాడికి ఆర్టికల్ 18 అంటే కంపెనీ వీసా, ఆర్టికల్ 20 అంటే ఇంటిపని వీసా. మనవాళ్ల నోట అది ఖాదిం వీసా. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) మీద ఆ అంకె చూసి మనిషి ఏపాటివాడో తేల్చేస్తారు. నాది 20.

వాడు అడిగింది వేరే 18. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలోది. ఆలోచించడానికి, నమ్మడానికి, మతం మార్చుకోవడానికి కూడా మనిషికి స్వేచ్ఛ ఉందని అది చెబుతుంది. ఆ "మార్చుకోవడం" అన్న మాట దగ్గర సౌదీ అరేబియాకు అభ్యంతరం వచ్చింది. చివరి ఓటింగ్‌లో 48 దేశాలు ఔనన్నాయి, కాదన్నది ఒక్కటీ లేదు, ఎటూ చెప్పకుండా ఊరుకున్నవి 8. ఆ ఎనిమిదిలో ఆరు కమ్యూనిస్టు దేశాలు, ఒకటి జాతి వివక్ష నడుపుతున్న దక్షిణాఫ్రికా, ఇంకొకటి సౌదీ.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. పడమటివాళ్లు రాశారు, ముస్లింలు ఒప్పుకోలేదు, అయిపోయింది అంటారు. కానీ ఆ ఔనన్న 48లో ఈజిప్టు, సిరియా, ఇరాక్, ఇరాన్, తుర్కియే, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ కూడా ఉన్నాయి. ముసాయిదా రాసినవాళ్లలో లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్ ముఖ్యుడు. మగవాళ్లనే చెప్పినట్టు ధ్వనించే మొదటి వాక్యాన్ని "మానవులందరూ" అని మార్పించింది మన దేశం ప్రతినిధి హంసా మెహతా. ఇక 18వ అధికరణానికి గట్టిగా మద్దతిచ్చింది పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్. ఆయన వాదన సూటిగా ఉంది. ఇస్లాం పిలుపునిచ్చే మతం, ఇతరులను మన మతంలోకి రమ్మని పిలుస్తున్నప్పుడు మనవాళ్లకు అటు వెళ్లే స్వేచ్ఛ లేదని ఎలా అంటాం? "ఇష్టమున్నవారు విశ్వసించవచ్చు, ఇష్టమున్నవారు తిరస్కరించవచ్చు" అన్న ఖురాన్ మాటను ఆయన ఆధారంగా తీసుకున్నారు.

జఫరుల్లా ఖాన్ అహ్మదియా శాఖవాడు. 1974లో ఆయన దేశమే రాజ్యాంగం సవరించి అహ్మదియాలు ముస్లింలు కారని రాసుకుంది. 1984లో వాళ్లు తమను ముస్లింలమని చెప్పుకోవడమే నేరమైంది. ఐక్యరాజ్యసమితిలో ఇస్లాం తరఫున మాట్లాడిన మనిషిని ఇస్లాం నుంచే తీసేశారన్నమాట. నేనేమీ ఆ సిద్ధాంతాల గొడవలోకి పోవడం లేదు. దూదేకులవాణ్ణి కాబట్టి నాకు ఒక్కటి తెలుసు: ఎవరు ఎంత ముస్లిమో కొలిచే తూకం ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. చిన్నప్పుడు ఉర్దూ రాదని, ఇంటి పేరు తెలుగులో ఉందని మమ్మల్ని చూసి నవ్వినవాళ్లు ఊళ్లో ఉండేవాళ్లు.

ఇప్పుడు మీ ప్రకటన. అది ఆమోదం పొందింది 1990 ఆగస్టు 5న. ఆ తేదీ మా వైపు ఎవరూ మరిచిపోలేరు, ఎందుకంటే అంతకు మూడు రోజుల ముందే సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. మీ మంత్రులు కైరోలో కూర్చుని మనిషి గౌరవం గురించి సంతకాలు పెడుతుంటే, మా పెద్దనాన్న కొడుకు కువైట్‌లో ఒక బేస్‌మెంట్‌లో రొట్టె ముక్క కోసం లైన్‌లో ఉన్నాడు. తర్వాత బస్సుల్లో, లారీల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరాడు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా లక్షకు పైగా మనవాళ్లను ఇళ్లకు చేర్చింది. మీ ప్రకటనను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజు ఒక ముస్లిం దేశం ఇంకో ముస్లిం దేశాన్ని మింగుతుంటే అందులో నలిగింది ఎవరో గుర్తుచేస్తున్నాను, అంతే.

అందులో 25 అధికరణాలున్నాయి. మా అబ్బాయి చదివి వినిపిస్తుంటే, నిజం చెప్తున్నాను, కొన్నిచోట్ల గొంతు పట్టేసింది. 11వ అధికరణం మనిషి స్వతంత్రుడిగా పుడతాడని, వలస పాలన బానిసత్వంలోకెల్లా నీచమైన వాటిలో ఒకటని చెబుతుంది. 1948 నాటి ప్రకటనలో ఇంత గట్టిగా లేదు. ఉండడానికి వీల్లేదు కూడా, ఓటేసినవాళ్లలో వలసలున్న బ్రిటన్, ఫ్రాన్స్ ఉన్నాయి మరి. 13వ అధికరణం ఇంకా బాగుంది. పనివాడికి శక్తికి మించిన పని చెప్పరాదు, బలవంతం చేయరాదు, దోచుకోరాదు, ఆడా మగా తేడా లేకుండా న్యాయమైన జీతం ఆలస్యం లేకుండా ఇవ్వాలి. "ఆలస్యం లేకుండా" అన్న మాట దగ్గర వాణ్ణి ఆపి మళ్లీ చదవమన్నాను.

కువైట్‌లో మా ఇంటి పెద్దావిడను అందరం మామా అని పిలిచేవాళ్లం. అక్కడ ఆ మాటకు అమ్మ అని అర్థం. చదువు పెద్దగా లేదు. నెలాఖరు రోజు పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ లోపల జీతం చేతిలో పెట్టేది. ఒక నెల కూడా తప్పలేదు. వంటాయన కోడూరువాడు, హిందువు. ఆయనకూ అదే గంటకు, అదే లెక్క. ఒకసారి జ్వరం వచ్చి పడుకుని ఉంటే పైకి మనిషిని పంపి ఇప్పించింది. రేపు ఇవ్వొచ్చు కదా మామా అంటే, చెమట ఆరకముందే ఇవ్వమన్నారు ప్రవక్త (స), రేపటికి నేను బతికుంటానో లేదో అనేది. ఆమెకు 1948 తెలియదు, 1990 తెలియదు. మీరు రాసిన ప్రకటన ఆమె చెవిన పడే అవకాశమే లేదు. కానీ 13వ అధికరణాన్ని నేను కళ్లారా చూసింది ఆమె దగ్గరే.

2011లో మామా పోయింది. ఇంటి పెత్తనం పెద్దకొడుకుకు వచ్చింది. ఇల్లు అదే, కారు అదే, మసీదు అదే. శుక్రవారం నేనే ఆయన్ని జుమాకు తీసుకెళ్లేవాణ్ణి. సఫ్‌లో, అంటే నమాజు వరుసలో, ఒక్కోసారి పక్కపక్కనే నిలబడేవాళ్లం, ఆయన భుజానికి నా భుజం తగిలేది. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద ఏ ఆధిక్యమూ లేదని ప్రవక్త (స) చివరి హజ్‌లో చెప్పిన మాట ఇమాం చదివేవాడు. బయటికొచ్చాక నేను తలుపు తీసేవాణ్ణి, ఆయన వెనక సీట్లో కూర్చునేవాడు. దానికి నాకేం బాధ లేదు, డ్రైవర్ పని డ్రైవర్ పనే. బాధల్లా జీతం దగ్గర. మొదట పది రోజులు ఆలస్యం, తర్వాత నెల, తర్వాత "వచ్చే నెల రెండూ కలిపి". 2013కు ఏడు నెలలు బాకీ పడ్డాడు. నెలకు 80 దినార్ల లెక్కన 560 దినార్లు. మూడోసారి అడిగితే నీ పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది, ఎక్కడికి పోతావో పో అన్నాడు. నేను రాయబార కార్యాలయానికి వెళ్లాను. ఆ సాయంత్రమే పనివాడు పారిపోయాడని కేసు పెట్టాడు. అంతే, జీతం అడగబోయినవాణ్ణి దొంగనయ్యాను. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఇచ్చే అవుట్‌పాస్ మీద ఇంటికొచ్చాను.

ఈ రెండేళ్ల తేడాలో మారిందేంటి? మతం మారలేదు, షరియా మారలేదు, మీ ప్రకటన మారలేదు. మనిషి మారాడు. ఇస్లాం చెప్పే హక్కుకూ, పడమటివాళ్లు చెప్పే హక్కుకూ తేడా ఏంటని పండితులు పెద్ద పెద్ద పుస్తకాలు రాశారు. నాకర్థమైన తేడా ఆ ఇంట్లోదే. మన సంప్రదాయంలో హక్కు అంటే ముందు అవతలివాడి నెత్తిన ఉన్న బాకీ. తీర్చాల్సినవాడి వైపు తిరిగి మాట్లాడుతుంది: నువ్వు ఇవ్వాలి, అల్లాహ్ అడుగుతాడు. పడమటి చట్టం రావాల్సినవాడి వైపు తిరుగుతుంది: నువ్వు అడగొచ్చు, కోర్టు ఇప్పిస్తుంది. మామా ఉన్నన్నాళ్లు నాకు రెండోదాని అవసరమే రాలేదు. మొదటిది దానికంటే అందమైంది కూడా, ఎందుకంటే అందులో నేను నోరు తెరవాల్సిన పనిలేదు. కానీ అల్లాహ్ భయం వారసత్వంగా రాదు. ఇల్లు, కారు వచ్చాయి కొడుక్కి, భయం రాలేదు.

అప్పుడు నాకు కావాల్సింది దావా. మీ ప్రకటనలో న్యాయం కోరవచ్చన్న మాట ఉంది గానీ, దేశం మీద దావా వేసే గుమ్మం లేదు.

24వ అధికరణం ఈ హక్కులన్నీ షరియాకు లోబడి ఉంటాయంటుంది. 25వ అధికరణం ఏ మాటకైనా అర్థం షరియాలోనే వెతకాలంటుంది. ముస్లింగా దీన్ని కాదనాలని నాకు లేదు. అడిగేది ఒక్కటే: ఎవరి నోటి షరియా? ఒక్క ఉదాహరణ చెప్తాను. మరొకరి వల్ల మనిషి చనిపోతే ఇచ్చే దియా, అంటే ప్రాణానికి పరిహారం. సౌదీలో ముస్లిం మగవాడికి పూర్తి మొత్తం, యూదుడికో క్రైస్తవుడికో సగం, హిందువుకు పదహారో వంతు అని అమెరికా విదేశాంగ శాఖ మత స్వేచ్ఛ నివేదికలు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చాయి. మరి పెద్ద న్యాయపండితుడు ఇమాం అబూ హనీఫా మాటేంటి? ఆయన బాటలో ముస్లిం రాజ్యంలో రక్షణ పొందిన ముస్లిమేతరుడి దియా, ముస్లిం దియా సమానం. ఆయన బాటలో నడిచే హనఫీ పండితుల్లో ఇంకో మాట కూడా ఉంది. మనిషి ప్రాణానికి రక్షణ అతను ముస్లిం అయినందుకు కాదు, ఆదం సంతతి అయినందుకే అని. దీనికంటే విశ్వ మానవ హక్కు ఏముంటుంది? మా దక్కన్‌లో ఎక్కువమంది నడిచేది ఆ హనఫీ బాటలోనే. ఒకే షరియా పేరు మీద మా కోడూరు వంటాయన ప్రాణం ఒకచోట పదహారు అణాలు, ఇంకోచోట ఒక అణా. 24వ అధికరణం ఇందులో దేన్ని పట్టుకోమంటుందో చెప్పదు. చెప్పే న్యాయమూర్తినీ పెట్టలేదు.

2020 నవంబరులో నైజర్ రాజధాని నియామేలో మీ మంత్రులు ఈ ప్రకటనను తిరగరాశారు. అందులో మీ కమిషన్ పని చాలా ఉందని విన్నాను, దానికి షుక్రియా. షరియా పేరుతో వేసిన ఆ పెద్ద తాళం తీసేశారు. కానీ దాని స్థానంలో హక్కులన్నీ ఇస్లాం సూత్రాలకు, దేశ చట్టాలకు భంగం కలగకుండా అనుభవించవచ్చని రాశారు. ఈ "దేశ చట్టాలు" చూసి మా అబ్బాయి తల పట్టుకున్నాడు. నా పాస్‌పోర్టు బీరువాలోకి పోయింది, నా మీద పారిపోయిన కేసు పడింది దేశ చట్టాల కింద కాదూ?

పడమటివాళ్లను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది, అది ఇక్కడే చెప్పేస్తాను. కువైట్ 1899 నుంచి 1961 దాకా బ్రిటన్ నీడలో ఉంది. 1948లో పారిస్‌లో చేయెత్తినప్పుడు కూడా. పనివాడి వీసాను యజమాని పూచీకి కట్టేసే గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతి ఇస్లాం నుంచి పుట్టిందని చాలామంది అనుకుంటారు. బహ్రెయిన్‌లో ముత్యాల వేట రోజుల్లో బ్రిటిష్ అధికారుల హయాంలోనే, బయటి నుంచి వచ్చిన గజ ఈతగాళ్లకు పడవ యజమానిని పూచీగా నిలబెట్టే ఏర్పాట్లు బలపడ్డాయని చరిత్రకారులు చూపించారు. ఇస్లాం ధర్మశాస్త్రంలో కఫాలా అంటే ఒకడి అప్పుకు ఇంకొకడు జామీను ఉండటం, అనాథను సాకటం. అనాథకు కఫీల్ (పూచీదారు) అయినవాడు స్వర్గంలో నా పక్కన ఇలా ఉంటాడని ప్రవక్త (స) రెండు వేళ్లు చూపించారు. అంత మంచి మాటను తెచ్చి పాస్‌పోర్టు దాచుకునేవాడికి పేరుగా పెట్టారు. ఆ పాపంలో బ్రిటన్‌కూ వాటా ఉంది.

వాటా అక్కడితో తీరలేదు. 2012 ఏప్రిల్‌లో బ్రిటన్ తన దేశంలో ఇళ్లలో పనిచేసే విదేశీ పనివాళ్లకు యజమానిని మార్చుకునే హక్కు తీసేసింది. వాళ్లలో చాలామంది గల్ఫ్ కుటుంబాల వెంట లండన్‌కు వచ్చినవాళ్లే. లండన్‌లో నడిచేది ఇస్లాం చట్టం కాదు కదా, మరి అక్కడ కఫీల్ ఎలా పుట్టాడు? వలస కార్మికుల హక్కుల కోసం ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరులోనే, అంటే మీ ప్రకటన వచ్చిన నాలుగు నెలలకే, ఒక ఒప్పందం తెచ్చింది. దాన్ని అమెరికా ఆమోదించలేదు, బ్రిటన్ ఆమోదించలేదు, గల్ఫ్ దేశాలేవీ ఆమోదించలేదు. మనుషుల్ని పంపే మా ఇండియా కూడా ఆమోదించలేదు. ఇస్లామిక్ హక్కులా, పడమటి హక్కులా అని వేదికల మీద తగాదా పడేవాళ్లంతా ఈ ఒక్క కాగితం దగ్గరికి వచ్చేసరికి ఒకే సఫ్‌లో నిలబడ్డారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు కూడా, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి పెద్దనాన్నా, మీ కఫీలే నయం అని జోక్ చేస్తుంటాడు. నయమేం కాదులే అంటాను.

అయితే వాళ్ల దగ్గర ఒక్కటుంది, మన దగ్గర లేదు. టోగో దేశం నుంచి పదిహేనేళ్ల అమ్మాయిని చదివిస్తామని 1994లో ఫ్రాన్స్‌కు తీసుకెళ్లారు. పాస్‌పోర్టు లాక్కున్నారు, రోజుకు పదిహేను గంటలు జీతం లేకుండా ఇంటిపని చేయించారు. ఫ్రాన్స్ కోర్టుల్లో పూర్తి న్యాయం దొరక్కపోతే ఆమె ఫ్రాన్స్ మీదే స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కింది. 2005లో ఆ కోర్టు ఫ్రాన్స్‌దే తప్పని చెప్పింది. దాస్యం నుంచి కాపాడే చట్టం లేకపోవడమే తప్పంది. ఆ అమ్మాయి కథ నా కథే. పాస్‌పోర్టు బీరువాలో ఉన్న నల్లపిల్ల ఒకతి, చేతిలో ఏ అధికారమూ లేనిది, ఫ్రాన్సంత దేశాన్ని బోనులో నిలబెట్టగలిగింది. నేను నిలబడటానికి అలాంటి గుమ్మం ఏది?

గుమ్మం కట్టాలన్న ఆలోచన మీకూ వచ్చింది. 1987 జనవరిలో మీ సంస్థ శిఖరాగ్ర సభ అంతర్జాతీయ ఇస్లామిక్ న్యాయస్థానానికి నిబంధనలు ఆమోదించింది. సభ జరిగింది కువైట్‌లో, కోర్టు పెడతామన్నదీ కువైట్‌లోనే. చాలినన్ని దేశాలు ఆమోదించక అది తలుపు తెరవలేదు. తెరిచినా అది దేశాలకూ దేశాలకూ మధ్య తగవుల కోసమే, డ్రైవర్ల కోసం కాదు.

ఇదంతా పడమటి మోజు అనేవాళ్లుంటారు. కాదు. పదకొండో శతాబ్దంలో బాగ్దాద్ న్యాయపండితుడు అల్ మావర్దీ ముహ్తసిబ్ అనే అధికారి పనులు రాశాడు. బజారులో తూకాలు చూడటంతో పాటు, బానిసల చేత శక్తికి మించిన పని చేయించే యజమానులను, గాడిదల మీద మోయలేని బరువు వేసేవాళ్లను ఆపడం కూడా అతని పనే. గాడిద తరఫున మాట్లాడటానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టిన సంప్రదాయం మనది. పాలకుల మీద ఫిర్యాదులు వినే మజాలిం సభలు స్ట్రాస్‌బర్గ్ కంటే వెయ్యేళ్లు ముందు. 1846లో ట్యునీషియాలో అహ్మద్ బే బానిసత్వం రద్దు చేశాడు. ఫ్రాన్స్ తన వలసల్లో దాన్ని పూర్తిగా రద్దు చేసింది 1848లో, అమెరికా 1865లో. అలాగని మురిసిపోదామంటే సౌదీ రద్దు చేసింది 1962లో, మా నాన్న పుట్టాక చాలా ఏళ్లకు.

ప్రవక్త (స) మాటల సంకలనమైన బుఖారీలో ఒక హదీస్ ఉంది. ప్రళయ దినాన ముగ్గురికి నేనే ప్రత్యర్థినని అల్లాహ్ అంటాడు: నా పేరు మీద మాటిచ్చి తప్పినవాడు, స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు, పనివాడి చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు. కువైట్ పోయిన ఎవరినైనా అడగండి, ఈ ముగ్గురూ ఎదురైన రోజులు చెప్తారు. వల్లా, వల్లా అని ఒట్టేసి జీతం రేపంటాడు ఒకడు. పని లేకపోయినా వీసాలు తీసి వేల రూపాయలకు, లక్షలకు అమ్ముకుంటాడు ఇంకొకడు. దాని పేరు ఆజాద్ వీసా. ఆజాద్ అంటే స్వతంత్రం! స్వతంత్రుణ్ణి అమ్మడానికి ఇంతకంటే చక్కని పేరు ఎవరికి తడుతుంది? అది కొనిపించే ఏజెంట్లు మావాళ్లే, మా తెలుగువాళ్లే, ఆ మాట దాచను.

ఇంకో హదీస్. ప్రవక్త (స) దగ్గర తనకు రావాల్సిన బాకీ కోసం ఒకాయన వచ్చి మర్యాద లేకుండా గట్టిగా అడిగాడు. పక్కనున్న సహాబాలు, అంటే ప్రవక్త (స) సహచరులు, అతని మీదికి లేచారు. వదిలేయండి, హక్కున్నవాడికి మాట్లాడే హక్కు ఉంటుంది అన్నారు ప్రవక్త (స). మా అబ్బాయి చదివే లా పుస్తకాలన్నీ కలిపినా నాకు ఇంత బాగా అర్థం కాలేదు. హక్కు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు, దావా కూడా ఇచ్చారు. అదీ తన మీదే వేసుకోనిచ్చారు.

కాబట్టి మీ ముందు పెట్టే విన్నపం చిన్నది. మీరు పద్దెనిమిది మంది నిపుణులు. 57 దేశాల సంస్థకు సలహా ఇచ్చేవాళ్లు. సౌదీయో కువైటో అయినా, పౌరుడు కాని మనిషి, ముస్లిం కాని మనిషి కూడా ఆ దేశం మీద మీ దగ్గర ఫిర్యాదు వేసే దారి ఒకటి తెరవండి. వేయడానికి పాస్‌పోర్టు కావాలని మాత్రం అనకండి, అది మా దగ్గర ఉండదు. తెలుగులో, మలయాళంలో, బంగ్లాలో, నేపాలీలో తీసుకోండి. పనివాడు పారిపోయాడని యజమాని కేసు పెట్టగానే, ముందు జీతం లెక్క చూపించమని అడిగే పద్ధతి తెమ్మని మీ దేశాలకు రాయండి. ప్రాణానికి మతాన్ని బట్టి లెక్క ఎక్కడైనా మిగిలి ఉంటే అబూ హనీఫా మాట గుర్తుచేయండి.

కొంత మారింది, తెలుసు. నేను వచ్చేసిన రెండేళ్లకు, 2015లో, కువైట్ ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసింది. వారానికో సెలవు, పాస్‌పోర్టు పనివాడి దగ్గరే ఉండాలన్న నియమం అందులో ఉన్నాయి. మరుసటేడు కనీస జీతం 60 దినార్లన్నారు. 2020లో ఖతార్ యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చంది. 2021లో సౌదీ కూడా కొంత సడలించింది, అయితే ఇళ్లలో పనిచేసేవాళ్లను దాన్నుంచి బయటే ఉంచింది. తలుపు దగ్గరి వాచ్‌మన్, కారు డ్రైవర్, వంటమనిషి, పిల్లల ఆయా, అప్పుడు వీళ్లంతా బయటే ఉండిపోయారు. మా గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లే ఆడవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇంటిపనే. వాళ్ల కష్టాలు నాకంటే పెద్దవి, అవి రాయాల్సింది వాళ్లు. నా షాపుకు వచ్చే ఒకావిడతో రాయమన్నాను. ఎవరికి పంపాలన్నా అంది. మీ చిరునామా ఇచ్చాను.

చివరగా ఒక సొంత సంగతి. అమరుడికి సర్వ పాపాలూ మాఫీ అవుతాయి, ఒక్క అప్పు తప్ప అని హదీస్. మనిషి హక్కును మనిషే మాఫ్ చేయాలి, అల్లాహ్ కూడా మధ్యలోకి రాడంటారు మా ఊరి మత గురువు హజ్రత్. అందుకే మా వైపు హజ్‌కు పోయేవాళ్లు ముందు ఇల్లిల్లూ తిరిగి, ఏమైనా పొరపాటు ఉంటే మాఫ్ చేయండని చేతులు పట్టుకుంటారు. మామా పెద్దకొడుకు ఆ మధ్య హజ్ చేసొచ్చాడని కోడూరు వంటాయన ఫోన్ చేసి చెప్పాడు. వెళ్లేముందు నాకైతే ఫోన్ రాలేదు. నా నంబరు మారలేదు. 560 దినార్లు నేనింకా మాఫ్ చేయలేదు.

ఇట్లు,
ఆర్టికల్ 20 వీసా మీద పనిచేసిన ఒక డ్రైవర్,
రాయచోటి దగ్గర